ఫ్రిజ్ మీది డిస్కు

బాపు పోయే ముందటి ఎండాకాలం నేను ఆదిలాబాద్‌లో నెల రోజులున్నాను. రాత్రిపూట అరుగు మీద కూర్చుని ఆయన చెప్పిన ముచ్చట్లన్నీ సెల్‌లో రికార్డు చేసుకున్నాను. కరీంనగర్ వచ్చాక వాటిని హార్డ్ డిస్కులోకి ఎక్కించి, జాగా లేదని సెల్‌లోవి తీసేశాను. కాపీ ఇంకోటి పెట్టుకోవాలన్న తెలివి అప్పుడు లేదు.

నిరుడు బతుకమ్మ ముందర ఆ డిస్కు ఆగిపోయింది. పెడితే టక్ టక్ మని చప్పుడే తప్ప ఏమీ రాదు. రిపేరు షాపతను కూడా చేతులెత్తేశాడు.

తమ్ముడికి ఫోన్ చేస్తే, "ఫ్రిజ్ మీద పెట్టినవ్ గదా అక్కా! పక్కనే స్టెబిలైజరాయె. ఆ అయస్కాంతానికే అంతా చెరిగిపోయింది" అన్నాడు. నిజమే కాబోలు అనుకున్నాను. మా చిన్నప్పుడు స్పీకర్ పక్కన పెడితే పాత డబ్బా టీవీలో రంగులు మరకలు కట్టేవి. ఫ్లాపీలను అయస్కాంతం దగ్గరికి పోనివ్వొద్దనేవారు. ఆ భయం మనలో అట్లనే ఉండిపోయింది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయి పాడైపోయిన పాత కంప్యూటర్ డిస్కు ఒకటి విప్పాడు. లోపల వంపు తిరిగిన రెండు అయస్కాంతాలు. గరిటె దగ్గరికి తెస్తే లటుక్కున అతుక్కుంది, గుంజితే గాని రాలేదు. "ఇవి పళ్లేనికి ఇంత దగ్గర్లో ఉండి కూడా ఏం చెయ్యవమ్మా. మన ఫ్రిజ్ ఏం చేస్తది?" అన్నాడు. భూమికి ఉన్న అయస్కాంత బలం సుమారు అర గాస్ అట. ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మది మహా అయితే వంద దాకా, అదీ దూరం జరిగితే చటుక్కున తగ్గిపోతుంది. డిస్కు మీద రాసింది చెరగాలంటే వేలల్లో కావాలి. మిక్సీ, మైక్రోవేవ్, వైఫై డబ్బా, ఏదీ ఆ దరిదాపులకు రాదు.

"మరి ఎట్ల పోతయి?" అన్నాను, జవాబు తెలిసే.

తిరిగే పళ్లేనికి, చదివే మొనకు మధ్య సందు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదట. నడుస్తున్నప్పుడు దెబ్బ తగిలితే మొన పళ్లేన్ని గీరేస్తుందట.

ప్లగ్గు అక్కడే ఉందని ఆ రోజు లాప్‌టాప్, డిస్కు రెండూ ఫ్రిజ్ మీద పెట్టాను. పండగకు బూజు దులుపుతుంటే చీపురుకట్ట వైరుకు తగిలి డిస్కు కింద పడింది. లైటు వెలుగుతూనే ఉంది. తీసి మళ్ళీ పైన పెట్టాను, ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు అయస్కాంతం అన్నప్పుడు, నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. నాలుగు నెలలు ఫ్రిజ్ మీదే నింద ఉంచాను.

ఆ రాత్రి తమ్ముడికి చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు.

"కాలి మీద పడలే గదా?" అన్నాడు.

లేదన్నాను. "అవ్వ సెల్‌ల ఒకటుందే. అప్పుడు నువ్వే పంపినవట. నాలుగు నిమిషాలది. రోజూ ఇంటది."

ఆదివారం పొద్దున బస్సుకు ఆదిలాబాద్ పోతున్నాను.