పాత్ర – పాత్రత

పాత్ర అంటే గిన్నె; పాత్రత అంటే అర్హత. ఈ రెండు మాటల చుట్టరికాన్ని తరగతిలో వివరించేటప్పుడు నేను జపానులోని తొకొనామె తొట్లను ఉదాహరిస్తుంటాను.

ఐచి ప్రాంతంలోని ఆ పట్టణం ఆ దేశపు ఆరు ప్రాచీన కుంభకార కేంద్రాలలో ఒకటి. అక్కడి కుమ్మరులు బోన్సాయ్ వృక్షాలకు చేతితో తొట్లు చేస్తారు. ‘బోన్’ అంటే పళ్ళెం, ‘సాయ్’ అంటే నాటడం. పేరులోనే పాత్రకు అగ్రస్థానం! పైను వంటి సతతహరిత వృక్షాలకు సాధారణంగా పూతలేని గోధుమవన్నె తొట్టి, పూచే చెట్లకూ ఆకురాల్చే చెట్లకూ నీలమో ఆకుపచ్చో గాజుపూత తొట్టి. మన ఊరగాయ జాడీకి లోపలా వెలుపలా పూత ఉంటుంది. ఈ తొట్లకు వెలుపలనే. వేరుకు తగిలేది గరుకైన మట్టిగోడ. అందం చూపరులకు, ఆధారం చెట్టుకు.

“ఇంత చిన్న తొట్టిలో చెట్టును బంధించడం హింస కాదా, సార్?” అని ఒక విద్యార్థిని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నిత్యం నీరు పోసి, కొన్నేళ్ళకొకసారి వేళ్ళు కత్తిరించి మట్టి మార్చకపోతే అది హింసే. ఆ సేవ తరతరాలు సాగినందువల్లనే 1625 నుండి పెంచిన ఒక తెల్లపైను, 1945లో హిరోషిమాపై పడిన అణుబాంబును సైతం తట్టుకొని, 1976లో అమెరికాకు కానుకగా వెళ్ళి, నేటికీ వాషింగ్టన్‌లో పచ్చగా ఉన్నది.

హద్దు గీసినవాడు కాపాడే బాధ్యతను కూడ స్వీకరించాలి. విద్యార్థులకు నియమాలు విధించే మా ఉపాధ్యాయుల పాత్రతకు కూడ అదే గీటురాయి.