నూటికి ఒకటి తక్కువ

మా విజయవాడ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది? రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా ఇంట్లో రోలు లేదు కాబట్టి ఆ బాధ లేదు. ఉన్నదల్లా ఒక ల్యాప్‌టాప్.

అది మా అబ్బాయి చదువుకునే రోజుల్లోది. ఉద్యోగానికి బెంగుళూరు వెళ్తూ నాకు వదిలేసి వెళ్ళాడు. దాని మీదే సీరియల్ రాస్తున్నాను. మొన్న మధ్యాహ్నం కథానాయిక రైలెక్కబోతుండగా, లోపలి ఫ్యాను కాసేపు రొదపెట్టి, తెర టక్కున ఆరిపోయింది. అంత అవస్థపడి స్టేషనుదాకా తీసుకొచ్చిన పిల్లని ప్లాట్‌ఫారం మీద వదిలేసి కూర్చున్నాను. గంట తర్వాత మళ్ళీ అదే తంతు. శుక్రవారానికల్లా ఆ వారం భాగం పంపాలి.

"కొత్తది కొనేద్దాం" అన్నారు మావారు, పేపర్లోంచి తలెత్తకుండా. మా అత్తగారు తడిగుడ్డ వేసి చూడమన్నారు. నవ్వకండి. వేడికి ఆవిడ ఎరిగిన వైద్యం అదే.

చివరికి మావాడికే ఫోన్ చేశాను. మామూలుగా వాడితో మాటలు రెండు నిమిషాలు. "తిన్నావా?" "ఆఁ." "ఒంట్లో బావుందా?" "ఆఁ. పనుందమ్మా, ఉంటాను." అలాంటివాడు ఆ రాత్రి ముప్పావుగంట మాట్లాడాడు!

ముందు కోర్ టెంప్ అనే చిన్న ప్రోగ్రాం వేయించాడు. ప్రాసెసర్ వేడి అందులో అంకెల్లో కనిపిస్తుంది. చూద్దును కదా, 94 డిగ్రీలు! 100 దానికి హద్దుట. అక్కడికి చేరితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతుంది. "అసలు లోపల దుమ్ము ఎప్పుడు దులిపించావు?" అనడిగాడు. నేను మాట మార్చాను.

మా ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 8265యు. దాని సహజమైన నడక 1.6 గిగాహెర్ట్జ్. పని మీదపడితే 3.9 దాకా పరిగెడుతుంది. పరుగుకి వోల్టేజి ఎక్కువ కావాలి, వేడేమో వోల్టేజి వర్గాన్నిబట్టి పెరుగుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వేడి 19 శాతం తగ్గుతుందిట. బి.ఏ. చదివినదాన్ని, వర్గమంటే గుర్తు రావడానికి కొంచెం టైం పట్టింది.

"అయితే ఆ వోల్టేజే తగ్గించెయ్యరా" అన్నాను. అందుకూ సాఫ్ట్‌వేర్ ఉందిట కానీ, 2019లో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడింది. వోల్టేజిని అటూ ఇటూ చేసి లోపలి రహస్యాలు లాగొచ్చని తేలడంతో చాలా ల్యాప్‌టాపుల్లో ఆ దారి మూసేశారు. దొంగలకి భయపడి ఇంటివాళ్ళకి తాళం వేయడమంటే ఇదే!

ఇక మిగిలింది విండోస్‌లో పవర్ ఆప్షన్స్. లోపల్లోపలికి వెళ్తే "మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్" అని ఒక గడి. అన్ని యంత్రాల్లోనూ అది కనబడదుట, నా అదృష్టం, మాదాంట్లో ఉంది. అందులో 100 ఉంటే 99 చెయ్యమన్నాడు.

"ఒక్క శాతానికి ఏం చల్లారుతుందిరా?"

"ఒక్క శాతం కాదమ్మా. 99 అంటే ఇక పరుగెత్తొద్దని దానికి చెప్పడం. తన నడక తను నడుస్తుంది. నువ్వు రాసుకునేదానికి పరుగుతో పనేముంది?"

పావుగంటలో 68కి దిగింది. ఫ్యాను రొద ఆగింది. నా రాత ఏమీ నెమ్మదించలేదు, అది ఎప్పుడూ నెమ్మదే. మర్నాడు ఆ పిల్ల రైలెక్కింది.

వాడికి ఆరేళ్ళప్పుడు జ్వరమొస్తే నుదుటిమీద తడిగుడ్డ వేసి, గంటగంటకీ థర్మామీటర్ పెట్టి చూసేదాన్ని. ఇప్పుడు వాడు రోజూ రాత్రి ఫోన్ చేసి "ఎంతుందమ్మా?" అంటున్నాడు. నేను 68 అనో, 70 అనో చెప్తున్నాను. ఆ వంకన వాడి ఆఫీసు కబుర్లూ, వంటమనిషి మానేసిన సంగతీ తెలుస్తున్నాయి.

నాలుగోరోజు "ఇంక ఫర్వాలేదమ్మా, రోజూ చూడక్కర్లేదు" అన్నాడు.

"నిన్న మధ్యాహ్నం 79 దాకా వెళ్ళిందిరా" అన్నాను.

అబద్ధం కాదు, నిజంగానే వెళ్ళింది. అప్పుడు కరెంటు పోయి గదిలో కూలర్ ఆగిపోయిందని మాత్రం చెప్పలేదు.