ఇంటిబడి

బడిపంతులే తన బిడ్డలను బడికి పంపక ఇంట చదివించుటయా యని నవ్వువారు కలరు. నవ్వనిండు. ప్రొద్దున వారి తల్లి పుస్తకములు చదివించును. సెలవునాడు మేము ఇబ్రహీంపట్నపు పెద్దచెరువు కట్టకు తోడ్కొని పోవుదుము. 16వ శతాబ్దమున గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా కట్టించినదని ప్రసిద్ధి.

అచట తాటిచెట్టు నీడను, చేతికర్ర నీడను ఒక్కమారే కొలిపించితిమి. కర్రనీడ కర్రలో సగము. కావున చెట్టు తన నీడకు రెట్టింపని పిల్ల తానే చెప్పినది. దీనినే త్రైరాశికమందురని పిమ్మట చెప్పితిమి. పేరు ముందు చెప్పినచో వల్లెవేసి ఊరకుండెడిది. తూమునీరు అంత వడిగా ఏల దుముకునని అడుగగా, ఇంటికి వచ్చి నూనెడబ్బాకు పైనొకటి, క్రిందనొకటి చిల్లులు పొడిపించితిమి. క్రిందిధారయే వడిగా వెడలినది. కట్ట అడుగున వెడల్పేలనో అప్పుడు తెలిసినది.

2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్లవారికి బడిచదువును హక్కు చేసినది. ఇంటిచదువు ఊసు అందు లేదు. 14 ఏండ్లు నిండినచో సార్వత్రిక విద్యాపీఠమువారి 10వ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. పరీక్ష మాకు బెంగ కాదు. “పిల్లలకు నేస్తులెవరండీ?” అని ఇల్లాలడిగినదే బెంగ. దానికి ఏ గ్రంథమునను మాకు జవాబు దొరకలేదు.

అందుచే సాయంకాలపు పాఠమును వీధియరుగు మీదికి మార్చితిమి. సర్కారుబడి పిల్లలు నలుగురైదుగురు వచ్చుచున్నారు. వారిలో చేపలు పట్టువారి పిల్లవాడు నీటిరంగు చూచి లోతు చెప్పును. వచ్చు సెలవునాడు కట్టమీద పాఠము అతడే చెప్పవలెనని అనుకొంటిమి.