సెలవులకి ఇంటికెళ్ళే చదరంగం



ఆటల సామాను డబ్బుల్లో చెస్‌కి ఏది కొందామని పీఈటీ మేడం గారు మొన్న ప్రేయర్‌లో అడిగారు. పెద్ద చెక్క బోర్డు కావాలన్నవాళ్ళు చేతులెత్తండి అంటే దాదాపు అందరూ ఎత్తారు. నేను ఎత్తలేదు. అప్పట్నుంచి మా రూములో "నీకు చెస్ అంటే ప్రాణం కదే, ఎందుకెత్తలేదు?" అని ఒకటే గోల. స్టడీ అవర్లో గుసగుసలాడితే తిట్లు తినాలి. గోడపత్రికలో రాస్తే ఎవరూ తిట్టరు కదా అని రాస్తున్నాను.

పెద్ద బోర్డు మనకి ఒకటి ఉంది. ఇంకోటి కొంటే అదీ బీరువాలోకే పోతుంది. అదే డబ్బుతో మాగ్నెట్ ఉన్న మడత పెట్టెలు రెండు కొనాలి, సెలవులొచ్చినప్పుడు వాటిని వంతులవారీగా మన ఇళ్ళకి పంపాలి అని నా అభిప్రాయం.

పెద్ద బోర్డు అక్కర్లేదని నేను అనను. పోటీల్లో ఆడేది దాని మీదే. పోటీ బోర్డుకి ఒక్కో గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు ఉంటుంది, రాజు 9.5 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాడు. ఎప్పుడూ చిన్నదాని మీదే ఆడి పోటీకి వెళ్తే మూలనున్న శకటు కంటికి ఆనదు. కాబట్టి సెలక్షన్ల ముందు నెల రోజులు పెద్దదాని మీదే ఆడదాం. కానీ ఏడాదిలో మనం సెలక్షన్లకి వెళ్ళేది ఎన్ని రోజులు? బస్సుల్లో, జీపుల్లో, ఇంటి అరుగుల మీద ఉండేది ఎన్ని రోజులు?

మాగ్నెట్ పెట్టె చూడనివాళ్ళ కోసం చెప్తాను. బోర్డు పైన ప్లాస్టిక్ ఉంటుంది, దాని కింద పల్చటి ఇనప రేకు. ప్రతి కాయ అడుగున చిన్న అయస్కాంతం బిళ్ళ పెట్టి, దాని మీద మెత్తటి గుడ్డ ముక్క అతికిస్తారు. అంతే. బోర్డుని మధ్యకి మడిస్తే అదే డబ్బా అయిపోతుంది, 32 కాయలూ లోపల పడుకుంటాయి.

నాది విశాఖపట్నంలో కొన్నాను. 2024 దసరా సెలవుల్లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, మా అయ్య చెట్టు మీంచి పడి తొడ ఎముక విరిగింది. అరకు నుంచి 108 బండిలో విశాఖలో ఒక ఆసుపత్రికి పంపేశారు. సాయంగా అమ్మ, నేను వెళ్ళాం. అమ్మకి చదువు రాదు, వేలిముద్ర వేస్తుంది. బోర్డులు చదవడానికి, ఏ కౌంటరు ఎక్కడుందో అడగడానికి నేను ఉండాలి. పదకొండు రోజులున్నాం. అక్కడ పని కంటే ఊరికే కూర్చోవడమే ఎక్కువ.

విశాఖలో బిల్డింగు పనులు చేసుకునే మా మావయ్య చూడ్డానికొచ్చి, పండక్కి గాజులు కొనుక్కోమని నాకు 300 రూపాయలిచ్చాడు. తనే పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్ళాడు. గాజుల కొట్టు ఇంకా రాకముందే ఆటసామాన్ల కొట్టు వచ్చింది. గాజులు మన సంతలో కూడా దొరుకుతాయి అన్నాను. మావయ్య ఏమీ అనలేదు.

కొట్లో మూడు రకాలు చూపించారు. మొదటిది అరచేతంత. కాయలు చెనగ్గింజలంత ఉన్నాయి, రాజెవరో మంత్రెవరో తేడా తెలియట్లేదు. పైగా పక్కపక్క గడుల్లో పెడితే ఒకదాన్నొకటి నెట్టేసుకుంటున్నాయి. ఎందుకో మన సైన్సు పాఠంలోనే ఉంది. కాయలన్నిటికీ అడుగువైపు ఒకే ధ్రువం ఉంటుంది, సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి. గడులు మరీ చిన్నవైతే ఆట మనం ఆడం, కాయలే ఆడతాయి. రెండోది బిళ్ళల రకం. కాయలు నిలబడవు, గుండ్రటి బిళ్ళల మీద బొమ్మలేసి ఉంటాయి. పుస్తకంలా మూసేసినా ఆట ఎక్కడిదక్కడే ఉంటుంది, అది దాని మంచి గుణం. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి బొమ్మలు పోల్చుకోవడం కష్టం. బిళ్ళ చూపించి ఇది గుర్రం అంటే మా అమ్మ నమ్మదు. మూడోది మడత పెట్టె, నిలబడే కాయలు. జానతో కొలిచి తీసుకున్నాను. తర్వాత హాస్టల్లో స్కేలు పెట్టి చూస్తే 25 సెంటీమీటర్లుంది, గడి 3 సెంటీమీటర్లకి కొంచెం తక్కువ. ఒళ్ళో పట్టడానికి ఆ సైజు సరిపోతుంది.

డబ్బులిచ్చే ముందు కాయలన్నీ పేర్చి, బోర్డు తలకిందులు చేసి ఊపాను. రాజు, రెండు బంట్లు రాలిపోయాయి. కొట్టాయన "పాపా, కొంటావా, ఇక్కడే ఆడేసి పోతావా?" అన్నాడు. ఇంకో పెట్టె తియ్యమన్నాను. విసుక్కుంటూనే తీశాడు. దాంట్లో ఒక్కటీ రాల్లేదు. ఎత్తైన కాయ రాజే కాబట్టి ముందు రాజుని చూడండి. రాజు వేలాడితే మిగతావి వేలాడతాయి. మడత బందుని కూడా నాలుగైదుసార్లు తెరిచి మూసి చూడాలి, వదులైతే బోర్డు మధ్యలో గుంట పడుతుంది. 280 చెప్పాడు, మావయ్య 240కి బేరం చేశాడు. మిగిలిన 60కి అయ్యకి బత్తాయిలు కొన్నాం.

"ఇదేటే గుంటా, గాజులు ఇంత డబ్బాలో ఇచ్చారా?" అంది అమ్మ. తెరిచి చూసి కాసేపు మాట్లాడలేదు. తిడుతుందనుకున్నాను. ఒక గుర్రాన్ని తీసి మంచం ఇనప కమ్మీ దగ్గర పెడితే టక్కున అంటుకుంది. పీకింది, మళ్ళీ అంటించింది. "సూడవే, జలగలాగ పట్టీసింది" అని నవ్వింది. అయ్య పడిపోయిన తర్వాత అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

అలా మొదలైంది. తెల్ల గడి కుడిచేతి మూలకి రావాలి, మంత్రి తన రంగు గడిలో నిలబడాలి. ఈ రెండూ ఒక్కసారే చెప్పాను, అమ్మ మళ్ళీ అడగలేదు. పేర్లు మాత్రం తనవి పెట్టుకుంది. గుర్రాన్ని మేక అంటుంది. కంచె దూకేది మేక కానీ గుర్రం కాదట. శకటు వాలుగా పోతుంది కాబట్టి దాని పేరు కొండదారి. చంపిన కాయలు మంచం కమ్మీకి వరసగా అంటించేవాళ్ళం. అయ్య పడుకునే వాటిని లెక్కపెట్టి ఎవరు ఓడిపోతున్నారో చెప్పేవాడు.

తిరిగి వచ్చేటప్పుడు కిరండూల్ ప్యాసింజరెక్కాం. ఘాట్ రోడ్డు కుదుపులకి అయ్య కాలు తట్టుకోదని రైలు. విశాఖ నుంచి అరకు లోపు చాలా సొరంగాలున్నాయి, మా పెట్టెకి అసలు పరీక్ష అక్కడే. కిటికీ ఊచలు ఇనపవి కాబట్టి చంపిన కాయలు వాటికి అంటించొచ్చు. లోపలివైపే అంటించండి, బయటివైపైతే లోయలో వెతుక్కోవాలి. సొరంగంలో చీకటి పడగానే ఎవరి వంతైనా సరే చేతులు వెనక్కి తీసెయ్యాలని షరతు పెట్టుకున్నాం.

చిమిడిపల్లి దాటాక ఒక సొరంగంలో ఎవరో కుర్రాడు పరిగెడుతూ అమ్మ మోకాలికి తగిలాడు. బోర్డు కింద పడింది. వెలుతురొచ్చాక చూస్తే చాలా కాయలు అతుక్కునే ఉన్నాయి, కొన్ని గడి తప్పాయి, ఐదు సీటు కిందికి పోయాయి. మళ్ళీ మొదట్నుంచి ఆడదాం అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. వంగి ఏరుకొచ్చి ఒక్కోటే పెట్టింది. "కొండదారి ఇక్కడ. నీ ఏనుగు ఇక్కడుండాల, అక్కడ కాదు. ఈ బంటుని నానే ముందుకి తోసేను." నాకు గుర్తున్నంతలో పోల్చి చూసుకున్నాను. ఒక్కటీ తప్పు లేదు. పోటీల్లో ఆట గుర్తుండటానికి గడికి ఒక అక్షరం, ఒక అంకె చొప్పున కాగితం మీద రాసుకుంటారు. అమ్మకి అక్షరం రాదు, కాగితమూ లేదు. ఆసుపత్రిలో సంతకం పెట్టమంటే అమ్మ బొటనవేలు చూపించింది. అక్కడున్నామె "చదువులేనివాళ్ళతో ఇదే బాధ" అని పక్కామెతో అంది. ఆమె మా ఎదురు సీట్లో ఉంటే బాగుండేది అనిపించింది.

ఇకపోతే వాడకం గురించి కొన్ని సంగతులు చెప్పాలి. బండి కదులుతున్నప్పుడు ముట్టుకున్న కాయే ఆడాలి అనే రూలు పెట్టుకుంటే గొడవలే. కుదుపుకి చెయ్యి తగులుతుంది. పక్కకి జరిగిన కాయని ముట్టుకునే ముందు "సరిచేస్తున్నాను" అని చెప్తే చాలు, అది పోటీల్లోనూ ఒప్పుకుంటారు. ఘాట్‌లో వాంతులయ్యేవాళ్ళు మాత్రం పెట్టె తెరవొద్దు. తల దించుకుని చూస్తే ఇంకా తిప్పుతుంది.

బంటు చివరి వరసకి చేరి మంత్రి అయ్యేటప్పుడు, పాత మంత్రి ఇంకా బతికే ఉంటే, మనం ఏనుగుని తలకిందులు పెట్టి మంత్రి అనుకుంటాం కదా. మాగ్నెట్ పెట్టెలో అది కుదరదు. అయస్కాంతం పైకి ఉంటుంది, ఏనుగు జారి పడిపోతుంది. (పోటీల్లో తలకిందుల ఏనుగుని కూడా ఏనుగుగానే లెక్కేస్తారు, అది వేరే సంగతి.) మేం ఆ బంటు మెడకే ఎర్రదారం కడతాం.

ఎక్కువసార్లు వచ్చే జబ్బు, అయస్కాంతం ఊడిపోవడం. కాయ పైకి తీస్తే బిళ్ళ బోర్డు మీదే ఉండిపోతుంది. మా నల్ల బంటు ఒకటి అలా ఊడితే అయ్య ఫెవిక్విక్‌తో అతికించాడు. బిళ్ళ తిరగబడింది. రేకుకి ఏ వైపైనా అంటుకుంటుంది కాబట్టి ముందు తెలియలేదు. ఆట మొదలుపెట్టాక ఆ బంటు పక్కవాళ్ళ మీదకి వాలిపోవడం మొదలెట్టింది. విజాతి ధ్రువాలు కదా. జిగురు గట్టిపడిపోయింది, ఇంక రాదు. దాన్ని ఎప్పుడూ చివరి గడిలో పెడతాం, అక్కడైతే ఒకవైపే పక్కవాళ్ళుంటారు. అయ్య దానికి అల్లుడు అని పేరు పెట్టాడు. మీరు అతికించేటప్పుడు ముందు ఇంకో కాయ అడుగుకి చూపించి, నెట్టుకునే వైపు కిందకి ఉండేలా అతికించండి.

ఊడిన బిళ్ళని మాత్రం నేలమీద వదలొద్దు. చిన్న తరగతుల పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. రెండు బిళ్ళలు కడుపులోకి పోతే పేగుల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని పేగుకి చిల్లు పడొచ్చు. ఎవరైనా మింగితే దాచకుండా వెంటనే వార్డెన్ మేడం గారికి చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

2025 వేసవి సెలవులయ్యాక నేను తిరిగి వస్తూ పెట్టెని సంచిలో పెట్టుకున్నాను. నాదే కదా. అయ్య అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, ఎక్కువ దూరం పోలేడు. పొలం నుంచి అమ్మ వచ్చాక రోజూ రెండాటలు పడేవి. ఎనిమిదితో చదువు మానేసిన మా పిన్ని కూతురు కూడా వచ్చేది, ఇద్దర్నీ ఓడించేది. జీపెక్కే ముందు అమ్మ సంచి వైపు చూసింది, ఏమీ అడగలేదు. పెట్టె తీసి అరుగు మీద పెట్టేసి వచ్చాను. ఇప్పుడు అది అక్కడే ఉంది. ఫోన్లో చెస్ ఉంది కదా అంటారు కొందరు. మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్నయ్యతో పనికి పోతుంది.

కోనేరు హంపి గారి బొమ్మ 2025 జనవరిలో ఇదే గోడ మీద అంటించాం. న్యూయార్క్‌లో 2024 డిసెంబరులో ప్రపంచ ర్యాపిడ్ చెస్ రెండోసారి గెలిచారు, మొదటిసారి 2019లో గెలిచారు. 2002లో, 15 ఏళ్ళకే, గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. వాళ్ళ నాన్నగారే ఆవిడకి ఆట నేర్పారు. మనలో ఎక్కువమందికి ఇంట్లో నేర్పేవాళ్ళు లేరు. మనమే నేర్చుకుని వెళ్ళి అమ్మకి, అయ్యకి, చెల్లికి నేర్పాలి. బోర్డు హాస్టల్ బీరువాలో ఉంటే ఏది చూపించి నేర్పుతాం?

కాయలు పోతాయని వార్డెన్ మేడం గారి భయం. అది న్యాయమైన భయమే. అందుకు ఒక నోటుబుక్కు పెడదాం. తీసుకెళ్ళేటప్పుడు, తెచ్చేటప్పుడు ఇద్దరమ్మాయిల ఎదురుగా 32 లెక్కపెట్టి సంతకాలు పెట్టాలి. ఇంటి దగ్గర ఎండలో వదలకూడదు, ప్లాస్టిక్ వంగుతుంది, జిగురు ఊడుతుంది. కాయ పోతే తెచ్చిన అమ్మాయి వెదురుతోనో చెక్కతోనో ఒకటి చెక్కి, అడుగున ఒక అయస్కాంతం బిళ్ళ అతికించి ఇవ్వాలి. మన ఊళ్ళల్లో చెక్కేవాళ్ళకి కొదవ లేదు.

ఈ సంక్రాంతి సెలవుల నుంచే మొదలుపెడితే బాగుంటుంది. రెండు పెట్టెలకి రెండు చీటీలు తీద్దాం. కొనడానికి ఎవరు వెళ్ళినా బోర్డుని తలకిందులు చేసి ఊపకుండా డబ్బులివ్వొద్దు. చీటీల్లో నా పేరు వెయ్యక్కర్లేదు, మా ఇంట్లో ఒకటి ఉంది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని