పాస్‌వర్డ్ కరెక్టే, గడప దాటనీయదు

మా తెలుగు డిపార్ట్‌మెంట్‌కు ఉన్నది ఒక్కటే కంప్యూటర్. నాలుగు జీబీల ర్యామ్ ఉన్న పాత డబ్బా. కొత్త విండోస్‌ను అది మోయలేదు, లైసెన్స్ కొనడానికి మాకు బడ్జెట్ రాదు, దొంగ కాపీ వేసుకోవడం నాకిష్టం లేదు. రెండేళ్ల కింద మా పూర్వ విద్యార్థి ఒకతను పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ తెచ్చి వేసి పోయాడు. అప్పటినుంచి మా డిగ్రీ పిల్లలు తమ వాడల్లో అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర సేకరించిన పాటలు అందులోనే టైప్ చేస్తున్నారు. నాటు పాటలు, కోత పాటలు, చావు దగ్గర పాడేవి. మొత్తం 211. మార్చి వరకు చేసినవి నా పెన్‌డ్రైవ్‌లోనూ ఉన్నాయి. సెలవుల తర్వాత పిల్లలు ఎక్కించిన 60 పాటలు మాత్రం ఆ డబ్బాలోనే. అవి పాడినవాళ్లలో ఇద్దరు ముసలమ్మలు ఇప్పుడు లేరు.

ఒక సోమవారం ఆ కంప్యూటర్ లోపలికి రానివ్వడం మానేసింది.

ఇది ఎట్లాంటి మొరాయింపో చెప్పాలి. పాస్‌వర్డ్ తప్పు కొడితే తప్పని చెబుతుంది. అది మర్యాద. ఇక్కడ అట్లా కాదు. పాస్‌వర్డ్ ఒప్పుకుంటుంది. తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, ఇక లోపలికి పోయినట్టే అనిపిస్తుంది, అంతలోనే మళ్లీ అదే గడప, మళ్లీ అదే పాస్‌వర్డ్ గడి. ఎందుకో చెప్పదు. దీన్ని లాగిన్ లూప్ అంటారు. యూనివర్సిటీ ఇంటర్వ్యూలకు పోయొచ్చిన మనోళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. నెట్ ఉంటుంది, పీహెచ్‌డీ ఉంటుంది, కాల్ లెటర్ వస్తుంది, లోపలికి పిలిచి చాయ్ కూడా ఇస్తారు. ఆనక రిజర్వుడు పోస్టు ఎదురుగా ‘నన్ ఫౌండ్ సూటబుల్’ అని పడుతుంది. పొడి అక్షరాల్లో ఎన్‌ఎఫ్‌ఎస్. లినక్స్‌లోనూ ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ ఉంది, నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. ఒక మెషీన్‌లో ఉన్నది నలుగురితో పంచుకోవడానికి పుట్టింది అది. అక్షరాలు మాత్రం అవే!

సిస్టమ్ ఆపరేటర్‌కు ఫోన్ చేశాను.

‘ఫార్మాట్ కొడదాం మేడమ్, అరగంట పని.’

‘లోపల పిల్లల పాటలున్నయి తమ్ముడూ.’

‘పాటలేంది మేడమ్, యూట్యూబ్‌ల దొరుకుతయి కద!’

అతని మీద నాకు కోపం లేదు. కాంట్రాక్టు మనిషి, మూడు కాలేజీలు తిరగాలి. కానీ ‘ఫార్మాట్’ అనే మాట మన ఆఫీసుల్లో ఎంత తేలిగ్గా వాడతారో గమనించండి. ఏది చెడిందో కనుక్కునే ఓపిక లేకపోతే మొత్తం తుడిచేయడమే రిపేరు. ‘మీరు ముట్టుకోకండి, తెలుగు మేడమ్ కద, ఇంకేమన్నా అయితది’ అని కూడా అన్నాడు. ముట్టుకోవద్దనే మాట నాకు కొత్త కాదు కాబట్టి కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

కంట్రోల్, ఆల్ట్ కలిపి పట్టుకుని ఎఫ్3 నొక్కితే బొమ్మలేవీ లేని నల్ల తెర వస్తుంది. అక్కడ యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టాను. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడవు, భయపడొద్దు. వెంటనే లోపలికి రానిచ్చింది. అంటే పాస్‌వర్డ్ బాగుంది, ఇల్లు బాగుంది, ముందు వాకిలి దగ్గరే ఏదో అడ్డం పడింది. డిస్క్ నిండిపోయినా ఇట్లాగే అవుతుంది కనక ముందు డీఎఫ్ కమాండుతో అది చూశాను. 58 శాతమే నిండింది. తర్వాత ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ఏ. ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైల్‌నూ, చుక్కతో మొదలై మామూలుగా కనబడని వాటితో సహా, హక్కులూ ఓనర్ పేరూ పెట్టి వరుసగా చూపిస్తుందది.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నన్ను ఆపింది ఇదే. ప్రతి ఫైల్ ముందు తొమ్మిది గుర్తులుంటాయి. ఓనర్‌కు మూడు, గ్రూప్‌కు మూడు, ‘అదర్స్’కు మూడు. ఆర్ అంటే చదివే హక్కు, డబ్ల్యూ అంటే రాసే హక్కు, ఎక్స్ అంటే నడిపే హక్కు. హక్కు లేని చోట అడ్డగీత. 1970ల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ తయారుచేసినవాళ్ల నుంచి వచ్చిన పద్ధతి ఇది. చదవడం వేరు, రాయడం వేరు, ఎవరికి ఏది ఉందో ఫైల్ నుదుటి మీదే రాసిపెట్టాలని వాళ్లకు తోచింది. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదాన్ని, ఆ అడ్డగీతలు చూస్తే నాకు సిలబస్ కమిటీలే గుర్తొస్తాయి. ఊళ్లోనూ ఈ తొమ్మిది గుర్తులూ ఉంటాయి. ఎక్కడా రాసి ఉండవు, అంతే. బావి దగ్గరికి పోయాకే తెలుస్తుంది.

దొరికింది. చుక్క ఎక్స్‌అథారిటీ అనే చిన్న ఫైల్. తెర మీద బొమ్మ గీసే ఎక్స్ సర్వర్‌కు ‘నేను ఫలానా’ అని చూపించే చీటీ లాంటిది. మనం లోపలికి వచ్చిన ప్రతిసారీ దాన్ని మన పేరున తిరగరాయాలి. మా ఖాతా పేరు ‘తెలుగు’. ఆ చీటీకి ఓనర్‌గా ఉన్నది ‘తెలుగు’ కాదు, రూట్. రూట్ అంటే ఆ మెషీన్‌కు సర్వాధికారి. మా ఇంట్లో మా చీటీ దొర పేరు మీద ఉంది, దాన్ని మేం చదవలేం, రాయలేం.

ఎట్లా మారింది? అంతకు ముందు శుక్రవారం ఆపరేటర్ ప్రింటర్ ఎక్కించడానికి వచ్చాడు. మా ఖాతాలోనే సుడో పెట్టి బొమ్మల ప్రోగ్రామ్ నడిపాడు. పాత వెర్షన్లలో అట్లా చేస్తే ఈ ఫైల్ రూట్ చేతికి పోతుంది. పోతూ పోతూ మా ఖాతాను అడ్మిన్ జాబితాలోంచి తీసేసి, తన ఖాతా ఒక్కటే ఉంచుకున్నాడు. నేను సుడోతో ఓనర్‌ను మార్చబోతే వచ్చిన జవాబు: ‘తెలుగు’ అనే యూజర్ సుడో జాబితాలో లేరు, ఈ సంఘటన రిపోర్ట్ చేయబడుతుంది. నిజంగానే ఇంగ్లీషులో అట్లాగే అంటుంది. నా భాష పేరుతోనే నన్ను రిపోర్ట్ చేశారు. ఆ రిపోర్ట్ పోయేది ఒక లాగ్ ఫైల్‌లోకి. మా కాలేజీలో దాన్ని ఎవరూ తెరవరు, మన ఫిర్యాదుల లాగానే.

తాళం ఒకరి చేతికి పోవడం ఆ లోకంలో పాత కథే. గ్నూ వాళ్ల ‘ఎస్‌యూ’ కమాండ్ మాన్యువల్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన చిన్న నోట్ ఉండేది. 1984లో ఎంఐటీ ఏఐ ల్యాబ్‌లో కొందరు ఆపరేటర్ పాస్‌వర్డ్ మార్చేసి, మిగతావాళ్లెవరికీ చెప్పకుండా దాచుకున్నారట. అందుకే రూట్ పాస్‌వర్డ్ తెలిసినా సరే, కొద్దిమందికి మాత్రమే రూట్ కావడానికి వీలుండే ఏర్పాటును తన ప్రోగ్రామ్‌లో పెట్టనన్నాడు. కమాండ్ మాన్యువల్‌లో ఇంత రాజకీయం ఉంటుందని మన ఇంజినీరింగ్ పిల్లలకు ఎవరూ చెప్పరు. అట్లని లినక్స్ అంటే సమానత్వం అనుకోకండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని పెట్టే మీటింగులకు నేనూ పోయాను. వేదిక మీది ఇంటిపేర్లు ఒకసారి విని చూడండి.

ఇక సుడో లేకుండా ఏం చేయాలి? యునిక్స్‌లో ఒక సంగతుంది. ఒక ఫైల్ పేరు మార్చాలన్నా, దాన్ని అవతల పారేయాలన్నా ఆ ఫైల్ నీదా కాదా అని చూడదు, అది ఉన్న ఫోల్డర్ నీదా కాదా అని చూస్తుంది. హోమ్ ఫోల్డర్ మాది. రూట్ పేరున్నా సరే, ఆ చీటీని పక్కకు నెట్టే హక్కు మాకుంది. ఎంవీ అని కొట్టి దాని పేరు చివర ‘పాత’ అనే అర్థం వచ్చే నాలుగు అక్షరాలు తగిలించాను. ఏ అభ్యంతరమూ చెప్పలేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7 నొక్కి గడప దగ్గరికి వచ్చాను. పాస్‌వర్డ్ కొట్టాను. సిస్టమ్ ‘తెలుగు’ పేరు మీద కొత్త చీటీ రాసుకుని తలుపు తీసింది. 60 పాటలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అన్నీ యూనికోడ్‌లో ఉన్నాయి కనక వెంటనే నా ల్యాప్‌టాప్‌లోకీ, ఇద్దరు పిల్లల ఫోన్లలోకీ ఎక్కించాం, ఎక్కడ తెరిచినా తెలుగే కనబడింది. పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో వేసుకున్న మన పాత చిన్న పత్రికల ఫైళ్లకు ఆ భాగ్యం లేదు. ఫాంట్ లేని చోట తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే. వాటిని మార్చే పని వేరే ఉంది, దాని గురించి ఇంకో భాగంలో రాస్తాను.

మర్నాడు పాటల పిల్లలందరినీ కూర్చోబెట్టి, చీటీని మళ్లీ చెడగొట్టే వీలు లేదు కాబట్టి, ఉత్తుత్తి ఫైళ్ల మీద ఎల్‌ఎస్, ఎంవీ చేయించాను. సెకండియర్ అమ్మాయి ఒకామె తొమ్మిది గుర్తుల వరుస చూసి, ‘మేడమ్, గీ అదర్స్ అంటే మనమేనా?’ అంది. అందరూ నవ్వారు. ఓనర్‌ను చూడమన్నాను. ఆ ఫైల్ ఆమె టైప్ చేసిందే.

మా ఖాతాకు అడ్మిన్ హక్కు తిరిగి ఇవ్వాలని ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా పెట్టాను. మూడు వారాలైంది. ఆ కాగితం ఎవరి టేబుల్ మీద ఉందో ఎల్‌ఎస్ కొట్టి చూసే వీలు లేదు కాబట్టి రోజూ పోయి అడుగుతున్నాను.