గోదావరిఖనిలో రష్యన్ ఓనమాలు

సినిమా పత్రికలో రష్యన్ అక్షరాల గోలేమిటని విసుక్కోకండి! నాకా పిచ్చి అంటించింది రాజ్ కపూరే. ఆయన 'ఆవారా' 1954లో సోవియట్ దేశంలో విడుదలై అక్కడి జనాన్ని ఊపేసింది. అక్కడ దాని పేరు రాయడం 'బ్రొద్యాగ', పలకడం మాత్రం 'బ్రద్యాగ'. ఒత్తి పలకని చోట 'ఒ' కాస్తా 'అ' అయిపోతుందన్నమాట. మన మాస్కోని వాళ్ళు 'మస్‌క్వా' అనేదీ అందుకే.

ఇటీవల ఈ అరకొర చదువు గోదావరిఖనిలో అక్కరకొచ్చింది. రామగుండం స్టేషన్లో దిగి, దూరాన పొగగొట్టాలు చూసుకుంటూ మిత్రుడి ఇంటికి చేరాను. వాళ్ళ నాన్న సింగరేణిలో బాయి దిగి, దిగి రిటైరైన మనిషి. బొగ్గుగనిని ఇక్కడ 'బాయి' అనే అంటారు. నా సంచిలో రష్యన్ వాచకం చూడగానే ఆయన లేచి వెళ్ళి, అట్ట ఊడిన పుస్తకం ఒకటి తెచ్చారు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకం! ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్ వంటివారు ఆ ఊళ్ళో కూర్చుని తెనిగించిన రోజుల నాటిది. విశాలాంధ్ర వారి పుస్తకాల బండిలో కొన్నారట. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాల రాకా ఆగింది.

లోపలి పేజీలో సన్న అక్షరాల వరస మీద వేలుపెట్టి, "నలభై ఏండ్ల సంది సూస్తున్న బిడ్డా. ఇదేం రాసిండ్రో చెప్పెటోడు దొరకలె" అన్నారు.

నేను చదివేస్తే అరనిమిషం పని. కానీ ఆయన చేతే చదివిద్దామనిపించింది.

మొత్తం అక్షరాలు 33. చిక్కల్లా ఇంగ్లీషు వేషంలో వచ్చేవాటితోనే. హెచ్ లాంటిది 'న', పీ లాంటిది 'ర', సీ లాంటిది 'స', బీ లాంటిది 'వ', వై లాంటిది 'ఉ'. మన హీరో మారువేషంలో విలన్ డెన్‌లో దూరినట్టే! ఇంగ్లీషు రాని వాడికి ఈ బాధ లేదు. పెద్దాయన నాకంటే తొందరగా పట్టేశారు.

పలకడంలోనూ మనకే సుళువు. వాళ్ళ త, ద మన త, ద లే. ట, డ లు కావు. ఇంగ్లీషు దారిన వచ్చి 'టాల్‌స్టాయ్' అయిన మహానుభావుడు సొంతూళ్ళో 'తల్‌స్తోయ్'. ఇక మన 'చుట్ట'లో చ వేరు, 'చీమ'లో చ వేరు కదా? రష్యన్‌లో ఆ రెంటికీ రెండు అక్షరాలున్నాయి. సర్కస్‌ని వాళ్ళు పిలిచే మాటలో మొదటిది చుట్టలోని చ. గనిని 'షాఖ్‌త' అంటారు. అందులోని 'ఖ' ఉర్దూ 'ఖబర్'లోదే, గొంతులోంచి గీరుతూ రావాలి. తోటి ఉర్దూ కార్మికులతో ఏళ్ళ తరబడి మాట్లాడిన గొంతు కదా, ఆయనకు ఒక్కసారికే వచ్చేసింది. "మన షాఫ్టే గదరా!" అని నవ్వారు. నిజమే, అది జర్మన్ నుంచి వెళ్ళిన మాట. ఇంగ్లీషు షాఫ్టుకి చుట్టమే.

నన్ను ఏడిపించింది ఒకే ఒక్క అచ్చు. బీ పక్కన ఐ నిలబెట్టినట్టుంటుంది. 'ఇ' అనబోయి నాలుకని వెనక్కి లాగి 'ఉ' వైపు తోయాలి, పెదాలు మాత్రం గుండ్రం కారాదు. నా అవస్థ చూసి లోపల్నుంచి అమ్మ నీళ్ళు తెచ్చిచ్చింది!

ఆ అచ్చు ఉన్న మాటని నేనే దాటించి, చివరి మాట ఆయనకొదిలాను. కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కున్నారు. "తె... లు... గు." ఆగారు. మళ్ళీ చదివారు. "తెలుగు!"

ఆ వరసకర్థం 'తెలుగు భాషలో' అని. అంతే.

ఆయన చాలాసేపు ఆ పేజీ మూయలేదు. తర్వాత కాగితం ముందుకు తోసి, "మన గోదావరి రాయి" అన్నారు. రాశాను. ఊరుకోక, మాస్కోవాళ్ళు దీన్ని 'గదావరి' అని చదువుతారని కూడా చెప్పాను.

పెద్దాయన మొహం మారిపోయింది. "గదావరేంది? 'గో' మీద ఒత్తి అనుమని జెప్పు వాళ్ళకు!"