గుర్తు మారలేదు, పొత్తు మారింది

తిరుపతి స్టేషన్‌లో రైలు దిగినవాళ్లంతా కొండ బస్సుల వైపు పరుగు తీస్తుంటే నేను ఆటో ఎక్కి బైరాగిపట్టెడ అన్నాను. సీపీఐ ఆఫీసు దగ్గర దించమంటే డ్రైవర్ మొహం విప్పారింది. "మా ఆటో యూనియన్ కూడా వాళ్లదే అన్నా," అన్నాడు. ఓటు కూడా వాళ్లకేనా అని అడిగాను. అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "ఓటు వేరే గదన్నా."

నేనొచ్చింది ఆ 'వేరే' ఏమిటో తెలుసుకుందామనే.

ఆఫీసు పేరు గంధమనేని శివయ్య భవన్. ఈ జిల్లాలో ఎర్రజెండా పట్టిన పాతతరం నాయకుడాయన. లోపల ప్లాస్టిక్ కుర్చీలు, పొడుగాటి బల్ల, దాని మీద ఆనాటి పార్టీ పత్రిక 'విశాలాంధ్ర'. ఓ మూల వెదురు కర్రలకు చుట్టిన జెండాల కట్ట. చేతులు పడీపడీ కర్రలు నున్నగా అయిపోయాయి, గుడ్డ మటుకు కొత్తది. "ఎండకు గుడ్డ వెలిసిపోతాది నాయనా, మారుస్తానే ఉంటాం. కర్రలు పాతవే," అన్నారు అక్కడున్న పెద్దాయన. డెబ్బై దాటిన మనిషి. జేబులో రెండు పెన్నులు.

ఆయన ముందు ఆరుగురు పారిశుద్ధ్య కార్మికులు కూర్చుని ఉన్నారు. అందరూ ఆడవాళ్లే. డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. పెద్దాయన అర్జీ రాస్తున్నారు.

"ఎన్ని నెల్లు పడలేదమ్మా జీతం?"

"రొండు నెల్లు సార్."

"పీఎఫ్ కడతాండాడా కాంట్రాక్టరు?"

"మా జీతంలో పట్టుకుంటాండాడు. కట్టినాడో లేదో ఆ దేవుడికే తెలియాల."

ఒక్కొక్కరి పేరు, పక్కన నెలలు, రూపాయలు వేసి, కింద కూడిక వేసి, మొత్తం చదివి వినిపించారు. వేలిముద్ర వేసే ఆమె ముందుకు స్టాంపు ప్యాడ్ జరిపి, సిరా తుడుచుకోడానికి పాత పేపరు ముక్క అందించారు. అర్జీ సోమవారం కలెక్టరేట్‌లో ఇస్తారు. వాళ్లు లేచి వెళ్లేటప్పుడు ఒకామె "దండం సార్" అంటే ఈయన "లాల్ సలాం తల్లీ" అన్నారు.

గోడ మీద కంకి కొడవలి. 1951–52లో దేశంలో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల నుంచి ఈ పార్టీ గుర్తు అదే. కాంగ్రెస్ కాడెడ్ల నుంచి ఆవూదూడకు, అక్కడి నుంచి చేతికి మారింది. ఇది మారలేదు. ఆ మాటే అంటే పెద్దాయన చెయ్యి ఊపారు. "గుర్తు మారలేదు గానీ, నేను వేసిన గుర్తులు చెప్పమంటావా?"

చెప్పారు. 1994లో తెలుగుదేశంతో పొత్తు కాబట్టి తిరుపతిలో సైకిల్. 2004లో కాంగ్రెస్‌తో కాబట్టి చెయ్యి. 2009లో మహాకూటమి, మళ్లీ సైకిల్. 2019లో జనసేనతో, గాజుగ్లాసు. 2024లో కాంగ్రెస్ తోడు రాగా తిరుపతి అసెంబ్లీకి సీపీఐ తన అభ్యర్థినే నిలబెట్టింది. గెలిచింది జనసేన. 2019లో వీళ్లు ఇల్లిల్లూ తిరిగి ఓటడిగిన గాజుగ్లాసే 2024లో వీళ్లను ఓడించింది. పెద్దాయన నవ్వారు గాని, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పొత్తులు ఊరికే పెట్టుకోలేదు. 1952లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర ప్రాంతంలో 140 స్థానాలుంటే కమ్యూనిస్టులకూ కాంగ్రెస్‌కూ చెరో నలభై దాకా వచ్చాయి. అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి స్వయానా తన బావ నీలం సంజీవరెడ్డిని ఓడించారు. 1955లో ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలొచ్చేసరికి కాంగ్రెస్ మిగతావాళ్లను కూడగట్టుకుని ఎదురు నిలిచింది. కమ్యూనిస్టుల ఓట్లు తగ్గలేదు, దాదాపు 31 శాతానికి పెరిగాయి. సీట్లు మాత్రం 196లో 15కి పడిపోయాయి. ఒంటరిగా నిలబడితే ఓట్లొచ్చినా సీట్లు రావన్న భయం ఆనాటిది. ఆ భయమే తర్వాత పొత్తుల దారి పట్టించింది. దారి కొన్నాళ్లు బాగానే నడిచింది. 1994లో సీపీఐకి 19, సీపీఎంకు 15 సీట్లు. అనంతపురంలో కె.రామకృష్ణ, కర్నూలులో ఎం.ఎ.గఫూర్ గెలిచింది అప్పుడే. 2004లో ఆరు, తొమ్మిది. 2009లో నాలుగు, ఒకటి. రాష్ట్రం విడిపోయాక 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌లో 2014, 2019, 2024 మూడుసార్లూ ఇద్దరికీ సున్నా. 2023 ఏప్రిల్‌లో సీపీఐకి జాతీయ పార్టీ హోదా కూడా పోయింది.

ఓట్ల దారే వద్దని పోయినవాళ్లూ ఉన్నారు. ఆ నాగిరెడ్డే 1967లో గెలిచిన శాసనసభ్యత్వాన్ని 1969లో వదిలేసి బయటికొచ్చారు. ఆయన పోయిన ఎం.ఎల్. (మార్క్సిస్టు–లెనినిస్టు) పాయలోంచే వచ్చి, ఓటునూ పోరునూ కలిపి నడిపినవాళ్లూ ఉన్నారు. సీపీఐ (ఎం.ఎల్.) న్యూడెమోక్రసీకి చెందిన గుమ్మడి నర్సయ్య ఇల్లెందులో ఐదుసార్లు గెలిచారు. ఆ పేరెత్తగానే పెద్దాయన తల పంకించారు. "ఆయన పోరాడిన జనాన్నే ఓటూ అడిగినాడు. మేం పోరాటం మా జెండా కింద చేసి, ఓటు ఇంకోడికి వెయ్యమన్నాం."

2021 ఏప్రిల్‌లో తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక సంగతి నేనే ఎత్తాను. సీపీఎం తరఫున నెల్లూరు యాదగిరి పోటీ చేశారు. వైసీపీ అభ్యర్థి గురుమూర్తి 2.71 లక్షల మెజారిటీతో గెలిచారు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ పోతుంది. తెలుగుదేశం తప్ప ఓడినవాళ్లందరికీ పోయింది, బీజేపీకీ కాంగ్రెస్‌కూ కూడా. "పెద్ద పార్టీకి డిపాజిట్ పోతే పేపర్లో వార్త. మాకైతే చందా పుస్తకంలో లెక్క," అన్నారాయన. అసెంబ్లీకి ఆ డిపాజిట్ పదివేలు.

నాకు అన్నిటికన్నా గుచ్చుకున్నది అంగన్‌వాడీల సంగతి. 2023 డిసెంబరు 12న మొదలైన వాళ్ల సమ్మె 42 రోజులు సాగింది. నడిపినవి సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ, మూడూ ఎర్రజెండా సంఘాలే. సమ్మెను నిషేధిస్తూ ఎస్మా పెట్టినా వెనక్కి తగ్గకుండా ఊరూరా టెంట్ల కింద కూర్చున్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2024 మే 13న, పోలింగ్ వచ్చింది. సమ్మెను నడిపిన జెండాలకు ఒక్క సీటూ రాలేదు. కలెక్టరేట్ ముందు కూర్చోవాలంటే ఎర్రజెండా, బటన్ నొక్కాలంటే ఇంకో జెండా. దీన్ని జనం కృతఘ్నత అనుకుంటే పొరపాటు. జీతం ఇప్పించేవాడు వేరు, రాజ్యం ఏలేవాడు వేరని వాళ్లు లెక్క కట్టుకున్నారు. ఆ లెక్క తప్పని పార్టీ ఎన్నడూ గట్టిగా చెప్పలేదు.

"ఓటు వేరే" అన్న మాట ఆ ఆటో డ్రైవర్ సొంతంగా కనిపెట్టింది కాదు. సైకిల్, చెయ్యి, గ్లాసు అని ముప్పై ఏళ్లపాటు ఆ మాట నేర్పింది పార్టీయే. నేర్పిన పాఠం మరిపించాలంటే ఐదేళ్లకోసారి కొన్నిచోట్ల నామినేషన్ వేస్తే చాలదు. సమ్మెకు పిలిచిన నోటితోనే, ఓడినా సరే, ప్రతిసారీ ఓటూ అడగాలి. అంతవరకూ బైరాగిపట్టెడ భవనం తిరుపతి కష్టజీవులకు అర్జీలు రాసిపెట్టే ఇల్లుగానే ఉంటుంది.